లిస్టులో నాలుగో పేరు

సెల్విన్ నోరు ఊరుకునే రకం కాదు. ఆస్పత్రి బండి నడుపుతాడు గానీ, ఎక్కే ముసలోళ్ళని పది అడుగులు పరిగెత్తించకుండా బండి ఆపిన రోజు లేదు. "నీ కడుపు కాలా, ఆపరా!" అని తిడుతూనే నవ్వుతారు వాళ్ళు.

ఆవేళ పొద్దున్నే కొత్త నర్సమ్మ లిస్టు చేతికిచ్చింది. కళ్ళ డాక్టరు విమానం ఆర్నెల్లకోసారి వస్తుంది. శుక్లాలున్న నలుగుర్ని పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిస్తారు. నాలుగో పేరు డల్సీ. సెల్విన్ అత్తగారు.

వాళ్ళ తెగలో అల్లుడు అత్తకి ఎదురు పడకూడదు. పలకరించకూడదు, పేరెత్తకూడదు, ఒక బండిలో కూర్చోకూడదు. ఈ ఎడారిలో కుక్కపిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. నర్సమ్మకే తెలీదు, వచ్చి మూడు వారాలే అయింది. ఆస్పత్రికున్న ఒక్క ఆడ డ్రైవరేమో చావింటికి పక్క ఊరెళ్ళింది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ వరండాలో జనం చూస్తున్నారాయె.

"నాలుగో ఆవిడనా? నెత్తిన పెట్టుకుని తెస్తా సిస్టరమ్మా!"

వరండా అంతా గొల్లున నవ్వింది. "అత్తని నెత్తినెక్కించుకుంటాడంట, సిగ్గులేనోడు!" అని ఓ తాత తమ భాషలో దెప్పాడు. ఏమీ అర్థంకాక నర్సమ్మా నవ్వేసింది.

పెళ్ళాం నోరీన్‌తో చెప్పి, బావమరిది కారులో పంపిద్దాంలే అనుకున్నాడు సెల్విన్. తక్కిన ముగ్గుర్నీ ఎక్కించుకున్నాక, దారంతా వేళాకోళాలతో ఆ సంగతే మర్చిపోయాడు. విమానం ఎర్రదుమ్ములో దిగాక గానీ గుర్తురాలేదు.

ముగ్గుర్నీ అక్కడ దింపేసి, బండి తిప్పి అత్తగారింటికి ఉరికించాడు. ఇంటిముందు డల్సీ తల దువ్వుకుని, ఒళ్ళో మూట పెట్టుకుని కూర్చునుంది. తెల్లారినప్పట్నుంచీ అలాగే. నోరీన్ లేదు, బావమరిదీ లేడు. బండి చప్పుడు పోల్చుకుని ముసలామె దుప్పటి మొహం మీదకి లాక్కుంది.

సెల్విన్ దూరంగా ఆపి, వీపు అటు తిప్పి నిలబడ్డాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి హారన్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు, ఎవరో ఒక ఆడమనిషి రాకపోతుందా అని. ఊళ్ళో సగం మంది చావింటికే పోయారు. కుక్కలు మాత్రం వచ్చాయి.

ఆఖరికి విమానం వాళ్ళిద్దరి నెత్తిమీంచే వెళ్ళిపోయింది.

నర్సమ్మ స్కూలు కారులో వచ్చిపడింది. మొహం కందిపోయింది. "ఎందుకు ఎక్కించలేదు? మళ్ళీ ఆర్నెల్లు, సెల్విన్! ఈలోగా ఉన్న కాస్త చూపూ పోతే?"

వాడు నోరు తెరిచాడు.

దుప్పట్లోంచి గొంతొచ్చింది. "డ్రైవర్నేమీ అనకు బిడ్డా. హారన్ మోగుతూనే ఉంది. నాకే కత్తంటే భయమేసింది."

లేచి, గోడ తడుముకుంటూ లోపలికి పోయింది. ఆ అరచేతి రాపిడి సెల్విన్ వీపుకి వినబడింది.

"సిస్టరమ్మా," అన్నాడు నేల చూస్తూ. "ఆవిడకి ఏ భయమూ లేదు. మా అత్తగారు. మా కట్టుబాటు ప్రకారం నేను తీసుకురాకూడదు."

"మరి పొద్దున్నే చెప్పొచ్చుగా?"

సెల్విన్ చెప్పుతో మట్టి గీకాడు.

"అందరూ నవ్వారుగా," అన్నాడు. "బాగుందనిపించింది."