రెండో కాటా

ఆ పూట లక్ష్మీదుర్గ ఒక్క చోట కుదురుగా కూర్చుంటే ఒట్టు. కల్లంలో ఎండిన మిరపకాయల్లోంచి తాలుకాయలు ఏరుతున్నట్టే ఉంటుంది, అంతలోనే చెయ్యి చీరకి తుడుచుకుని ఫోన్ తీస్తుంది. చేతికంటిన కారం ఫోన్‌కి, ఫోన్ మీది కారం కంటికి చేరి కళ్ళు మండుతున్నా మళ్ళీ ఫోనే తీస్తుంది. పక్కనే కాయలు ఏరుతున్న అత్త సుబ్బరావమ్మ రెండుసార్లు చూసి ఊరుకుంది. మూడోసారి మాత్రం, ఆ ఫోన్లో కూడా ఏమైనా కాయలు ఎండబోశావా అని అడిగింది.

చెప్పగలిగే సంగతైతే దుర్గ ఎప్పుడో చెప్పేది. అత్త పేరునే అమ్మకానికి పెట్టి, ఆ మాట అత్తకి ఏ నోటితో చెప్తుంది?

సుబ్బరావమ్మ కొట్టిన కారం అంటే వినుకొండ చుట్టుపక్కల చుట్టాలందరికీ ప్రాణం. మూడేళ్ళ కిందట దుర్గ దాన్ని పాకెట్లు కట్టి ఆన్‌లైన్లో అమ్మడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్లో పేరు కూడా కొంది: సుబ్బరావమ్మకారం డాట్ కామ్. దాన్ని డొమైన్ అంటారని, ఏటేటా కొంత కడుతుంటే ఆ పేరు మనదేనని, ఇంకెవరూ పెట్టుకోలేరని మొగుడికి పదిసార్లు చెప్పింది. పేరుకి కూడా కౌలు కట్టాలా అని వీరాంజనేయులు నవ్వి పొలానికి పోయాడు. ఏడాది బాగానే నడిచింది. ఆ తర్వాత అత్త జారిపడి భుజం విరగ్గొట్టుకుంది. రోకలి మూలన పడింది, కారం ఆగింది, పేరొక్కటే మిగిలింది. సొంతంగా ఓ కారం మర పెడితే అంతా మళ్ళీ మొదలెట్టొచ్చని దుర్గ ఆశ. మర ఊరికే రాదు కదా. డొమైన్లు అమ్ముకునే సైట్ ఒకటి కనబడితే, పోతే ఏం పోయిందిలే అని ఆ పేరు అందులో పెట్టింది.

వారం తిరక్కుండా ఢిల్లీ నుంచి కపిల్ అనేవాడు తగిలాడు. పెద్ద మసాలా కంపెనీ తరఫున కొంటున్నాడట. నాలుగు లక్షలు ఇస్తానన్నాడు. ఎంతకిస్తావని అడగలేదు, ఓ రూపాయి తగ్గించమనలేదు. ఆ మెసేజ్ చదివిన దగ్గర్నుంచి తొమ్మిది రోజులుగా దుర్గకి అన్నం సయించడం లేదు.

ముందు, పేరుకి విలువ కట్టిన సర్టిఫికెట్ కావాలన్నాడు. సైట్ కూడా తనే చెప్పాడు, ఎనిమిది వేలు కట్టమన్నాడు. అక్కడ దుర్గ తెలివిగానే ఉంది. మీకు కావాల్సిన కాగితానికి నేనెందుకు కడతాను, మీరే తెప్పించుకోండి అని రాసింది. పోనీలెండి, మీ మీద నమ్మకముంది అన్నాడు వాడు. అంత మర్యాదగా తగ్గేసరికి దుర్గకి ఉన్న కాస్త అనుమానమూ పోయింది. నాకెవడూ టోపీ పెట్టలేడని లోలోపల మురిసిపోయింది కూడా. సరిగ్గా ఆ మురిపెంలోనే పప్పులో కాలేసింది.

తర్వాత వాడు మధ్యవర్తి మాట ఎత్తాడు. డబ్బు మూడో కంపెనీ దగ్గర ఉంచుతాను, పేరు చేతులు మార్చే కోడ్ మీరు వాళ్ళకివ్వండి, పేరు నాకు చేరగానే డబ్బు వాళ్ళే మీకు వేస్తారు అని లింక్ పంపాడు. ఇంకొకరైతే ఇక్కడైనా ఆగేవారేమో. మిర్చి పండించే ఇంట పుట్టి, మిర్చి పండించే ఇంటికే కోడలిగా వచ్చిన మనిషికి ఇందులో వింత ఏముంది? గుంటూరు యార్డులో కమీషన్ వ్యాపారి లేకుండా బేరం ఉండదు. మిర్చి నింపిన గోతాలు, అదే టిక్కీలు, ముందు దించుతారు, డబ్బు ఆయన చేతుల మీదుగా తర్వాత వస్తుంది. దుర్గ పుట్టకముందు నుంచీ అంతే.

నిన్న మధ్యాహ్నం ఆ మధ్యవర్తి కంపెనీ నుంచి, డబ్బు మాకు చేరింది అని ముద్రతో సహా మెయిల్ వచ్చింది. డొమైన్‌కి తాళం ఉంటుంది, ఎవరూ లాక్కుపోకుండా. దుర్గ ఆ తాళం తీసి, కోడ్ వాళ్ళకి పంపేసింది. ఒక్క రోజులో ఖాతాలో పడుతుందన్నారు. పొద్దుటి నుంచీ ఫోన్ తీయడం అందుకే.

పదకొండు గంటలకి మిర్చి కొనే వ్యాపారి ఆటోలో వచ్చాడు, కాటా కూడా వెంట తెచ్చుకున్నాడు. ధర కుదిరింది. కాటా దించి కరెంటు కాటా గొప్పతనం చెప్పడం మొదలుపెట్టాడు. సుబ్బరావమ్మ అంతా విని, మొదటి టిక్కీ పక్కింటి జక్రయ్య కాటా మీద తూచాక మీది ఎక్కిద్దాం అంది. పెద్దమ్మగారికి మా మీద నమ్మకం లేదా అని వ్యాపారి నవ్వాడు. నమ్మకం ఉండబట్టే ఒక్క టిక్కీతో సరిపెడుతున్నానని ఆవిడా నవ్వింది. జక్రయ్య కాటా మోసుకొచ్చాడు. అదే టిక్కీ, వ్యాపారి కాటా మీద రెండు కిలోలు తక్కువ తూగింది. వ్యాపారి కాసేపు బటన్లు నొక్కి, బ్యాటరీ వీకైనట్టుందని గొణుక్కుంటూ ఆటో వైపు నడిచాడు.

సుబ్బరావమ్మ గొంతు తగ్గించలేదు. "కొనేదీ వాడే, కాటా తెచ్చేదీ వాడే అయితే, ఇంక మనం ఇక్కడెందుకమ్మాయ్?"

టిక్కీ మూతి కడుతున్న దుర్గ చేతిలోంచి పురికొస జారిపోయింది. యార్డులో కమీషన్ వ్యాపారిని రైతు ఎంచుకుంటాడు, కొనేవాడు జేబులో పెట్టుకుని రాడు. మరి ఆ మధ్యవర్తిని తెచ్చిందెవరు? కపిల్. ఆ లింక్ ఇచ్చిందెవరు? కపిల్. ఇప్పుడే వస్తానని కూడా చెప్పకుండా ఇంటికి పరుగెత్తింది.

ఆ మధ్యవర్తి కంపెనీ పేరు కొట్టి వెతికితే కపిల్ పంపిన లింక్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. మొదట చెప్పిన సర్టిఫికెట్ సైట్ మళ్ళీ తెరిచింది. మధ్యవర్తి సైట్‌లో ఉన్న రంగులే, కింద అదే ఫోన్ నంబరు. అయినా అత్తలాగే తనూ ఒక టిక్కీ వేరే కాటా మీద తూచి చూద్దామనుకుంది. మీ మధ్యవర్తి వద్దు, నేను పేరు కొన్న కంపెనీలోనే డబ్బు పెట్టండి, ఆ ఖర్చు నేనే భరిస్తాను అని కపిల్‌కి రాసింది. నిజంగా కొనేవాడికి ఇందులో పోయేదేమీ లేదు. నిమిషంలో జవాబొచ్చింది: ఇంతదాకా వచ్చి మాట మారుస్తావా, నీ మీద కేసు పెడతాను అని. మరో నిమిషానికి వాడి ఫొటో మాయమైపోయింది. దుర్గని బ్లాక్ చేసేశాడు.

తను పేరు కొన్న కంపెనీకి ఫోన్ చేస్తే పావుగంట పాట వినిపించారు. దుర్గ ఫోన్ చెవికి ఆనించుకుని వంటింటికీ వసారాకీ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగింది. చివరికి ఒకమ్మాయి పలికింది.

"పేరు వేరే కంపెనీకి మార్చమని నిన్ననే రిక్వెస్ట్ వచ్చింది మేడమ్. మీకు మెయిల్ కూడా పంపాం. వద్దని మీరు నొక్కకపోతే ఐదో రోజుకి వెళ్ళిపోతుంది. వెళ్ళాక తిరిగి తేవడం చాలా కష్టం."

ఆ మెయిల్ చీరల డిస్కౌంట్ల మధ్య, ఎవరూ చూడని చోట పడి ఉంది. చెమట వేలికి స్క్రీన్ పలకలేదు. కొంగుతో తుడిచి, మళ్ళీ నొక్కింది. వద్దు. పేరు ఆగింది. తాళం వేసింది, కోడ్ మార్చింది, పాస్‌వర్డ్ మార్చింది. అప్పుడు గోడకి ఆనుకుని కూలబడింది.

తలెత్తేసరికి గుమ్మంలో సుబ్బరావమ్మ. టిక్కీ మూతి కట్టకుండా పరుగెత్తావెందుకని అడిగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. గండం గట్టెక్కింది, ఇంట్లో ఎవరికీ తెలియదు. కానీ ఆ కాటా మాటే తనని కాపాడింది. ఆ మాట అన్న మనిషికే అబద్ధం చెప్పడానికి దుర్గకి మనసొప్పలేదు. మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది.

అత్త అరుస్తుందనుకుంది. ఆవిడ అరవలేదు, గడప మీద కూర్చుంది.

"నా పేరుకి ఎంతిస్తానన్నాడు?"

"నాలుగు లక్షలు, అత్తయ్యా."

"మన కారం నాలిక మీద వేసుకుని చూశాడా?"

"లేదు."

"చిటికెడు కారం రుచి చూడనోడు నాలుగు లక్షలిస్తానంటే అక్కడే తెలియద్దూ?"

దుర్గకి ఏడుపులోనూ నవ్వొచ్చింది. అత్త మాత్రం నవ్వడం లేదు. బాగవని భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని, ఆ డబ్బుతో ఏం చేద్దామనుకున్నావని అడిగింది. కారం మర అంది దుర్గ.

"వాడు దొంగ కాబట్టి ఆగింది. నిజంగా కొనేవాడే అయ్యుంటే నా పేరు అమ్మి మర కొనేదానివి. మరి ఆ మరలో ఆడించిన కారానికి ఏం పేరు పెడదామనుకున్నావే?"

జవాబు కోసం ఆగకుండా సుబ్బరావమ్మ లేచి కల్లంలోకి వెళ్ళిపోయింది. దుర్గకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఈ తొమ్మిది రోజులూ మర ఎక్కడ పెట్టాలో, కరెంటు ఎక్కడి నుంచి లాగాలో, బోర్డు ఎంత పెద్దది రాయించాలో అన్నీ ఆలోచించింది. ఆ బోర్డు మీద ఏం రాయించాలో మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదు.