నలభై గిన్నెలు

గోధుమలు ఉడికిన వాసనతో వంటిల్లంతా నిండిపోయింది. అయినా తుదోరా వేలి కొసతో కూడా రుచి చూడలేదు. పోయినవారి పేరున గోధుమలతో చేసే తీపి వంటకం కొలివాని ఫాదర్ దీవించకముందు నోట పెట్టకూడదు. దీవించాక కూడా మొదటి ముద్ద పరాయివాళ్ళే తినాలి. తిని, "దేవుడు మన్నించుగాక" అనాలి. ఆ మాట పడితేనే పెట్టింది పోయినవాడికి చేరుతుంది. ఇంటివాళ్ళు తినేది అందరి తరవాత. తల్లి అలాగే చేసింది, అమ్మమ్మా అలాగే చేసింది. తీపి సరిపోయిందో లేదో చేసే చేతులకే తెలియాలి, అంతే.

మొగుడు మరిన్ పోయి రేపటికి నలభై రోజులు. మార్చిలో, మరియమ్మకు దేవదూత కబురు చెప్పిన పండగనాడు గుండె ఆగి పోయాడు. అప్పటికే ఊళ్ళో లాక్‌డౌన్. శ్మశానంలోకి ముగ్గురినే రానిచ్చారు. పెట్టె మూత తియ్యనివ్వలేదు. వైనూ లేదు, భోజనాలూ లేవు. నా అన్నవాళ్ళు లేని మనిషికి చేసినట్టు చేసి పంపేశారు.

ఆమె బెంగ అది మాత్రమే కాదు. మరిన్ కరెంటు పని చేసేవాడు. తాగేవాడు కాడు, భార్య మీద చెయ్యెత్తేవాడు కాడు. కుక్కలు మాత్రం కంటికి కనపడకూడదు. ఇంటి వెనక, వేడినీళ్ళ బాయిలర్ షెడ్డు పక్కన వెచ్చదనానికి చేరే కుక్కలకి అతను మూడుసార్లు మాంసం ఉండలు పెట్టాడు. ఆ ఉండల్లో ఏం కలిపాడో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. కలిపిన గిన్నె మాత్రం మూడుసార్లూ ఆమే కడిగింది.

అందుకే ఈ కొలివా నలభై మందికి అందాలి. వాళ్ళ మేడకి రెండు మెట్లదారులు, నలభై ఒక్క గడప. తనది తీసేస్తే సరిగ్గా నలభై. దేవుడే లెక్క కుదిర్చాడనుకుంది.

పైన పరిచే చక్కెర పొడి దగ్గరే ఇబ్బంది వచ్చింది. కొట్ల ముందు బారులు, లోపల ఖాళీ అరలు. వారంపాటు వెతికి ఆశ వదులుకున్నాక, పింగాణీ సామాన్ల అలమార పై అరలో, ఫ్యూజులూ తీగచుట్టలూ దాచుకున్న చోట, వెనక్కి తోసి ఒక కాగితం పొట్లం దొరికింది. తను ఎప్పుడూ కొనే చక్కెర కంపెనీ పొట్లమే. నోరు మడిచి రాగితీగతో మూడు చుట్లు చుట్టి ఉంది. ఆ చుట్టు ఆమెకి తెలుసు. మరిన్ ఏది కట్టినా మూడు చుట్లే చుట్టి, కొస లోపలికి దోపేవాడు.

మరిన్‌కి షుగరు. తీపి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ముసలి దొంగ తన కంట పడకుండా ఇక్కడ దాచుకున్నాడన్నమాట. తుదోరా నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తీగ జాగ్రత్తగా విప్పి మరియమ్మ పటం దగ్గర పెట్టుకుంది. పొడిని మంచులా పరిచి, మీద కోకోతో సిలువ వేసింది. ఒక్క చెంచాడు మిగల్లేదు. ఖాళీ పొట్లం చెత్తలో వేసింది.

మర్నాడు శనివారం. ఫాదర్ గావ్రిల్ గుడి గేటు అవతల నిలబడి, మూతికి గుడ్డ కట్టుకుని, పళ్ళెం మీద వైను చల్లి ప్రార్థన చదివాడు. ఆమె ఇంటికి వచ్చి నలభై ప్లాస్టిక్ గిన్నెల్లో సర్ది, ఒక్కోదాంట్లో ఒక చిన్న పసుపు కొవ్వొత్తి గుచ్చి, కాగితం రుమాలు చుట్టి, గడప గడపకీ బయలుదేరింది.

మూడో అంతస్తులో లుక్రేత్సియా గొలుసు తియ్యకుండా తలుపు బెత్తెడు తెరిచింది.

"వదినా, నువ్వా. అయ్యో, నీ చెయ్యి ఎలా తోసేస్తాను. ఆ చెప్పుల స్టాండు మీద పెట్టు."

"మరిన్ పేరున, లుక్రేత్సియా."

"దేవుడు మన్నించుగాక. బంగారంలాంటి మనిషి. మా మీటరు కాలిపోతే పైసా తీసుకోలేదు."

మేడ సంఘం పెద్ద ఇలారియెది కింద అంతస్తు. డెబ్బై ఏళ్ళవాడు. పెద్దవాళ్ళకి పదకొండు నుంచి ఒంటిగంట దాకానే బయట తిరగడానికి అనుమతి. ఆ రెండు గంటలూ ముంగిట్లో కుర్చీ వేసుకుని అందరి మీదా అజమాయిషీ చేసేవాడు.

"పెట్టు చెల్లెమ్మా, పెట్టు. నీ కొలివా అంటే నాకు ప్రాణం. నువ్వు మెట్లెక్కేలోపు గిన్నె నాకేస్తా. దేవుడు మన్నించుగాక."

అలా నలభై తలుపులూ ఆ మాట అన్నాయి. ఇల్లు చేరేసరికి తుదోరాకి మోకాళ్ళు లాగేస్తున్నాయి. మనసు మాత్రం కడిగిన పలకలా ఉంది. తనకని ఒక్క ముద్ద కూడా మిగుల్చుకోలేదు. మిగుల్చుకోవాలని తోచనేలేదు.

సాయంత్రం పక్క మేడలో ఉండే అంకా వచ్చింది. కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ మూతపడి పని పోయిన పిల్ల, ముప్ఫై ఏళ్ళుంటాయి. మార్కెట్టూ మాంసం కాల్చే బళ్ళూ మూసేశాక వీధి కుక్కలు ఎముకల గూళ్ళయిపోయాయి. అంకా మరో ఇద్దరిని కూడగట్టి, మునిసిపాలిటీ చుట్టూ తిరిగి, కుక్కలకి తిండి పెట్టడానికి పాసు తెచ్చుకుంది. ప్రతి మెట్లదారి కిందా ఒక మూత బకెట్టు పెట్టింది. ఇళ్ళలో మిగిలింది అందులో వేస్తారు, సాయంత్రం ఆమె తీసుకెళ్ళి పెడుతుంది. మరిన్ పోయిన దగ్గర్నుంచి తుదోరా రోజూ అందులో ఏదో ఒకటి వేస్తూనే ఉంది.

ఆవేళ అంకా రెండు బకెట్లూ ఒక్కసారి మొయ్యలేక రెండు విడతలుగా తీసుకెళ్ళింది. తుదోరా కిటికీలోంచి చూసి, ఈరోజు జనం చెయ్యి కాస్త పెద్దదైంది, మరిన్ రోజున మంచే జరిగింది అనుకుంది.

పొద్దున్న బాయిలర్ షెడ్డు వైపు నుంచి ఏడుపు వినపడి కిందికి దిగింది. అంకా నేలమీద చతికిలబడి ఉంది. ఆమె ఒళ్ళో అజోర్ తల. మేడ పిల్లలందరూ వీపెక్కి ఊరేగిన పెద్ద నల్లకుక్క. నోటి చుట్టూ నురగ ఎండిపోయింది. గోడ వెంట, గడ్డిలో, పైపుల కింద ఇంకా పది. కొన్నింటి కాళ్ళు పరుగెడుతున్నట్టే బిగుసుకుపోయాయి. ఒక తల్లికుక్క పిల్లలకి పాలిస్తూ పోయింది. పిల్లలు ఇంకా చీకుతున్నాయి.

"నిన్న నా చేత్తోనే పెట్టాను పిన్నీ. పిలిస్తే తోకాడించుకుంటూ వచ్చాయి," అంది అంకా.

తుదోరా చూపు నేలమీద ఆగింది. గడ్డిలో చిన్న పసుపు కొవ్వొత్తులు. ఒకటి, రెండు, ఆరు. ఆమె కళ్ళు వద్దన్నా వెతుక్కుంటూ పోయాయి. ఎక్కడ చూసినా అవే. ఒత్తి ముట్టించని కొవ్వొత్తులు.

ముందు వచ్చింది ఏడుపు కాదు, రోషం. "దేవుడు మన్నించుగాక" అన్న నోళ్ళు. గిన్నె నాకేస్తానన్న నోరు. చెయ్యి ఎలా తోసేస్తానన్న నోరు. నలభై మందీ ఆమె మెట్లెక్కేదాకా ఆగి, కిందికి వచ్చి, తన మొగుడి కొలివాని కుక్కల బకెట్లో పారేశారు.

తరవాత అజోర్ మూతి చూసింది. మీసాలకి తెల్లపొడి అంటుకుని ఉంది.

రాగితీగ గుర్తొచ్చింది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకి తెలియదు. అలమారలో చేతికందిందల్లా కింద పడేసింది. అట్టడుగున, బిస్కెట్ల డబ్బాలో, మరిన్ నిజంగా దాచుకున్న చక్కెర దొరికింది. సగం తిన్న పొట్లం, లోపల చెంచా. దానికి తీగా లేదు, కట్టూ లేదు. తినేదాన్ని ఎవరు అంత గట్టిగా కడతారు.

అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. నలభై మందిలో ఒక్కరు, ఏ ఒక్కరైనా, నిజంగా తిని ఉంటే?

మళ్ళీ గడప గడపకీ పరుగెత్తింది. ఒక్కో తలుపూ తడుతూ, తెరుచుకునేదాకా కదలకుండా నిలబడింది.

"బాగున్నావా లుక్రేత్సియా? కడుపులో నొప్పేమీ లేదుగా? కొలివా తిన్నావా?"

"తినకపోవడమేంటి వదినా. గీకి గీకి తిన్నాను. గిన్నె కడిగి పెట్టా, చూపించనా?"

రెండో అంతస్తు కుంటాయన ఇంకో గిన్నె ఉందా అని అడిగాడు. పైనున్న కొత్త జంట, అక్రోట్లు కాస్త ఎక్కువ పడ్డాయి ఆంటీ, రుచి అదిరింది అన్నారు. అబద్ధం చెప్పిన ప్రతి మొహాన్నీ తుదోరా కళ్ళారా చూసుకుంది. ఎర్రగా, నిండుగా, బతికి ఉన్న మొహాలు. చివరి తలుపు దగ్గర గోడకానుకుని, వీళ్ళని ఇలా అబద్ధాలవాళ్ళని చేసినందుకు దేవుడికి దణ్ణం పెట్టింది. పెడుతుంటే నోరు చేదుగా అయింది.

పదకొండు దాటాక ముంగిట్లో జనం దూరదూరంగా నిలబడి ఉన్నారు. మునిసిపాలిటీ గార్డు అట్ట మీద కాగితం పెట్టి రాసుకుంటున్నాడు. ఇలారియె కుర్చీలో కూర్చుని చెపుతున్నాడు.

"రాసుకో నాయనా. బకెట్టు ఈ పిల్లది. పెట్టింది ఈ పిల్ల. ఎక్కడెక్కడి పెంటా ఏరుకొచ్చి పెడితే చావవా మరి? రేపు మన పిల్లలు ముట్టుకుంటే? పాసు లాగెయ్యండి ముందు."

"నేను చంపుతానా? నెలన్నరగా నా ఇంట్లో రొట్టె కోసుకుని పెడుతున్నాను," అంది అంకా.

తుదోరా మధ్యకి వచ్చింది. "ఆ పిల్ల కాదు. నా కొలివా. చక్కెర అనుకుని నేను వేసింది మరిన్ మందు. కుక్కలకి పెట్టే మందు."

లుక్రేత్సియా కొంగు సర్దుకున్నట్టు శాలువా సర్దుకుంది. ఇలారియె ముందుగా తేరుకున్నాడు.

"దుఃఖంలో ఉన్నావు చెల్లెమ్మా. ఇంట్లోకి వెళ్ళి పడుకో. నీ కొలివా మేమందరం తిన్నాం. మందైతే ఈపాటికి నువ్వు మా అందరి పేరునా కొలివా వండాల్సొచ్చేది."

ఒకరిద్దరు నవ్వారు.

"తినలేదన్నయ్యా మీరు. కొవ్వొత్తులు అక్కడ పడున్నాయి. నాకు కోపం లేదు. తినకపోవడమే మంచిదైంది. ఒక్కసారి నిజం చెప్పండి, ఈ పిల్ల బతుకుతుంది."

"నేను గిన్నె నాకాను," అన్నాడు ఇలారియె, ఒక్కో అక్షరం తూచినట్టు. "అబద్ధమాడానంటావా? పోయినవాడి పేరు మీద?"

"నేనూ తిన్నా వదినా," అంది లుక్రేత్సియా నేల చూస్తూ. "తినేసి కొవ్వొత్తి పారేశాను, అంతే."

వరసగా అందరూ తిన్నామన్నారు. ఒకరు అంటే రెండోవారికి తేలికైంది.

అంకా ముందుకొచ్చింది. "నిండు గిన్నెలు, పిన్నీ. నలభై ఉన్నాయి. మీ మనసు కష్టపడుతుందని మీకు చెప్పలేదు."

"చూశావా, చచ్చినవాడి కూడు మనం పారేశామంటోంది," అన్నాడు ఇలారియె గార్డుతో.

గార్డు తుదోరాని అడిగాడు. "అమ్మా, ఆ పొట్లం ఉందా?"

చెత్తబండి ఆ పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది. తుదోరా గుప్పిట విప్పింది. మూడు చుట్ల రాగితీగ. గార్డు దానికేసి చూసి, నిట్టూర్చి, కలం మళ్ళీ కాగితం మీద పెట్టాడు. ఒకవైపు మేడంతా, ఇంకోవైపు తీగముక్క. అంకా పాసు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. బకెట్లు కూడా పట్టుకెళ్ళాడు.

అందరూ వెళ్ళిపోతుంటే ఇలారియె కుర్చీ మడుస్తూ అన్నాడు. "ఆర్నెల్లకి పెట్టే కొలివా కూడా నువ్వే చెయ్యి చెల్లెమ్మా. నీలా ఎవరూ చెయ్యలేరు."

ఆమె ఫాదర్‌కి ఫోను చేసింది. అంతా చెప్పింది, గిన్నె కడిగిన సంగతితో సహా. ఫాదర్ అడిగాడు.

"ఆ మాట అన్నారు కదమ్మా, నలభై మందీ?"

"అన్నారు ఫాదర్. అన్నవాళ్ళు తినలేదు. తిన్నవి అనలేవు. ఇప్పుడు ఎవరిది లెక్క? మరిన్‌కి ఏం చేరింది?"

"అంత లోతుకి వెళ్ళకు తల్లీ. ప్రార్థన చేసుకో."

ఆమె ప్రార్థన చేసుకుంది. ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది.

చచ్చిన తల్లికుక్క పిల్లల్ని అంకా తన ఇంటికి తీసుకుపోయింది. పెద్దవాటిలో ఒక్కటే మిగిలింది, బలానా అనే కుంటి తెల్లది. మిగతా కుక్కలు తోసేస్తే ఎప్పుడూ ఆఖరున వచ్చి ఖాళీ నేల నాకే కుక్క.

మర్నాడు మధ్యాహ్నం తుదోరా కొత్త రొట్టె కొని, రాగితీగ జేబులో వేసుకుని, బాయిలర్ షెడ్డు దగ్గరికి వెళ్ళింది. బలానా పైపు కింద నుంచి చూసింది. తుదోరా ఒక ముక్క తుంచి నేల మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వేసింది. కుక్క కదల్లేదు. ఇంకో ముక్క తుంచి, దానికి కనపడేటట్టు తను కొరికి, నమిలి, మింగి, మిగిలింది పెట్టింది. కుక్క పళ్ళు బయటపెట్టి గుర్రుమంది, పైపు కిందికి ఇంకా జరిగింది.

తుదోరా రాతిగట్టు మీద కూర్చుంది. నేల మీద ముక్క తీసి, మట్టి దులిపి తింది. రెండోదీ తింది. చేతిలోని రొట్టె కూడా తుంచుకుని తినసాగింది, కుక్క చూస్తుండగా, ఆఖరి ముక్క దాకా. ఇది మరిన్ పేరున పెట్టిన రొట్టె. తిన్నవాళ్ళే అనాలి.

"దేవుడు మన్నించుగాక," అంది తుదోరా, తనకి తనే.