మోతలో పిలిచే పేరు

సదానందం శవాన్ని గేటు బయట మురుగుకాలువ పక్కన పడుకోబెట్టారు. సాంచా మీద, అంటే మరమగ్గం మీద, నేస్తూ కరెంటు కొట్టి చచ్చిపోయిన మనిషిని మేనేజరు మనుషులే బయటికి మోసుకొచ్చారు. అతనిలాగే వలసొచ్చి పక్క సాంచాల మీద నేసే తెలుగువాళ్లం మేం చూశాం. పోలీసులతో మేనేజరు చెప్పింది కూడా విన్నాం.

"యే హమారా ఆద్మీ నహీ హై. చోరీ కర్‌నే ఆయా థా."

వాళ్ల మనిషే కాదట, దొంగతనానికి వచ్చాడట! పెళ్లికి ముందునుంచీ ఆ షెడ్డులోనే బట్ట నేసిన సదానందం, చచ్చాక దొంగయ్యాడు.

మా బస్తీ భేస్తాన్‌లో ఒంటిగదిలో ఉండే అతని భార్య నర్సవ్వ ఏడుపు దిగమింగుకుని ఆఫీసుల వెంట తిరిగింది. పీఎఫ్ ఆఫీసులో నంబరు అడిగారు. ఏనాడైనా జీతంలోంచి కోసి కడితే కదా నంబరు ఉండేది! ఈఎస్ఐలో కార్డు అడిగారు. బ్యాంకులో జీతం పడిన జాడ లేదు, షెడ్డు యజమాని సేఠ్ నోట్లు చేతికే ఇచ్చేవాడు. హాజరీ కార్డు మేనేజరు దగ్గరుండేది, అలాంటిదేమీ లేదు పొమ్మన్నాడు. చివరికి కార్మిక శాఖ ఆఫీసరు ఒకాయన, కాగితం లేకపోతే పక్కన పనిచేసినవాళ్లు చెప్పినా చాలు, షెడ్డుకు నేనే వస్తానన్నాడు.

ఆదివారం నర్సవ్వ గదిలో కూర్చున్నాం. బయట బైకు మీద మేనేజరు మనిషి ఒకడు, లోపలికొచ్చే ప్రతివాడినీ ఫోటో తీస్తున్నాడు.

"నోరు తెరిస్తే రేపట్నుంచి గేటు బంద్. పిల్లల్ని ఎట్ల సాదాలె?" అన్నాడు దశరథం.

మాలో పెద్దవాడైన లింగమూర్తి మీసం మెలేసుకుంటూ లేచాడు. "గా కరెంటు తీగ నీ సాంచా కింద గూడ ఉన్నదిరా. రేపు నువ్వు సస్తే నువ్వు గూడ దొంగవే."

"నా మొగడు దొంగ గాదని చెప్పుండ్రి. గంతే," అంది నర్సవ్వ.

ఏ మాటా తేల్చకుండానే తలో దిక్కు వెళ్లిపోయాం.

ఆఫీసరు వచ్చిన రోజు మేనేజరు సాంచాలు ఆపనివ్వలేదు. ఆ మోతలో మా మాట వినపడొద్దని వాడి ఎత్తు. వెధవకు ఒకటి తెలియదు. ఆ మోతలో మేం మాట్లాడుకునేది చేతులతోనే. ప్రతివాడికీ ఒక సైగ, అదే వాడి పేరు. లింగమూర్తి అంటే మీసం మెలేయడం. చెవి మీద బీడీ పెట్టుకు తిరిగే సదానందం అంటే చెవి మీద వేలు.

ఆ సైగలు మొగుడి దగ్గర నేర్చిన నర్సవ్వ, ఆఫీసరు వెంట వచ్చి షెడ్డు మధ్యలో నిలబడి చెవి మీద వేలు పెట్టుకుంది. మా మొహాల్లోకి చూసింది.

ముందు లింగమూర్తి వేలు చెవి మీదికి వెళ్లింది. తర్వాత నాది. దశరథానిది కూడా. చూస్తుండగానే షెడ్డు నిండా చేతులు లేచాయి.

"యే క్యా హై?" ఆఫీసరు అరిచాడు.

లింగమూర్తి తన సాంచా ఆపాడు. ఒకరి వెంట ఒకరం అందరం ఆపేశాం.

"హమారా సదానందం, సాబ్. యే మషీన్ ఉసీకీ థీ," అంటూ సదానందం నేసిన సాంచాను చూపించాడు లింగమూర్తి.

ఆఫీసరు రాసుకున్నాడు. మేనేజరు మాత్రం మమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ ఫోను తీశాడు.

సాయంత్రం పోలీసు జీపొచ్చి, గొడవ చేశాడని లింగమూర్తిని ఎక్కించుకుపోయింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర మేనేజరు, పక్కన లాఠీలు. మా లింగమూర్తి ఏడీ అని అడిగాం.

"కౌన్ లింగమూర్తి? ఐసా కోయీ యహా కామ్ నహీ కర్తా థా." అలాంటివాడెవడూ అక్కడ పనే చేయలేదట!

అప్పుడు నర్సవ్వ ముందుకొచ్చింది. వాడి కళ్లలోకి చూస్తూ, లేని మీసం మెలేసింది.

ఆమె వెనక మేమంతా మీసాలు మెలేశాం. ఆ రోజు షెడ్డులో ఒక్క సాంచా ఆడలేదు.