పంది ముక్కుకు పసుపు

పూర్ణిమకు ఆ బ్యాక్టీరియా పేరెత్తితేనే ఒళ్లు మండిపోతోంది. పంది ముక్కులో అది హాయిగా కాపురముంటుంది, ఎవరి జోలికీ పోదు. వేడో, ఘాటో తగిలి దానికి ఊపిరాడకపోతే మాత్రం లోపలున్న ఒక జన్యువు స్విచ్చులా పడుతుంది. దాంతో తనను కాపాడుకునే జన్యువులతో పాటు పందిని చంపే జన్యువులూ మేలుకుంటాయి. ఆ స్విచ్చు సంగతి తేల్చడమే పూర్ణిమ పీహెచ్‌డీ.

తేల్చాలంటే ముందు స్విచ్చు పడని బ్యాక్టీరియా కావాలి. ఆర్మూర్‌లో సత్తవ్వ పందులు నిక్షేపంలా ఉన్నాయి. అయినా వాటి ముక్కుల్లోంచి తెచ్చిన ప్రతి శాంపిల్‌లోనూ స్విచ్చు అప్పటికే పడి ఉంటోంది. పసుపు తవ్వకాలు మొదలైనప్పటి నుంచీ ఇదే తంతు. శాంపిల్ సరిగ్గా తీయడం చేతకాకపోతే ప్రాజెక్టు మూసేద్దామని గైడు గంగాకిషన్ సార్ మొహం మీదే అనేశారు. సత్తవ్వ పందులు కూడా అమ్ముడుపోయి ఈ మధ్యాహ్నం లారీ ఎక్కేస్తున్నాయి. ఇక ఇదే ఆఖరని పూర్ణిమ మాక్లూర్ నుంచి మొదటి బస్సుకే, చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది.

దొడ్లో సత్తవ్వ ఒక పందిని మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దాని ముక్కులోకి వేలితో పసుపు ముద్ద కూరుతోంది. మిగతా వాటి ముక్కులన్నీ అప్పటికే పచ్చగా ఉన్నాయి.

పుల్లకు చుట్టిన దూదికి పసుపు అంటడం పూర్ణిమ ప్రతిసారీ చూసింది. పసుపు ఆరబోసే రోజుల్లో ఆర్మూర్‌లో పచ్చబడనిదేముంది, దుమ్మేలే అనుకుంది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా గిది!" అని అరిచింది. "నేనొచ్చినప్పుడల్లా గిట్లనే పెడుతున్నవా?"

సత్తవ్వ బెదిరిపోయింది. "పెట్టకుంటె ఎట్ల బిడ్డా? వేరే డాక్టర్లు రోడ్డు మీదనే నిలవడి ముక్కు మూసుకుంటరు. నువ్వొక్కదానివే దొడ్లకొచ్చి పందిని ముట్టుకుంటవు. గలీజు ముక్కు నీ చేతికెట్లియ్యాలె? అందుకే నువ్వొచ్చే ముందు జర శుద్ధి చేస్తున్న. ఏం, ఖరాబైందా?"

పూర్ణిమ ఐసు డబ్బా మూత తెరిచింది. ఈవిడను కసిరి ఏం లాభం? ఒక్కసారైనా అడగని తన తలనే గోడకేసి కొట్టుకోవాలి.

"ఏం కాలేదవ్వా. పట్టుకో" అంది.

సత్తవ్వ ఒక్కో పందినీ చెవులు పట్టి అదిమింది. పారేయడానికి తప్ప దేనికీ పనికిరాని శాంపిళ్లను పూర్ణిమ ఒక్కొక్కటే తీసి, మూత బిగించి, ఐసు డబ్బాలో సర్దింది. పళ్లు కొరుక్కుంటూనే అన్నీ తీసింది.

అంతలో సార్ ఫోన్ చేశారు. ఒక్కటి కూడా దొరకలేదని, ప్రాజెక్టు మూసేసుకోవచ్చని పూర్ణిమ ఇంగ్లీషులో చెప్పింది.

ఆ భాష అర్థంకాని సత్తవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికొచ్చింది.

"నేను మంచిగ సాయం జేసిననని సార్‌కు చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన అవ్వా" అంది పూర్ణిమ.