పంపాపతి నీడ

పొద్దున్నే పంకజాక్షి వాకిలి ఊడ్చి, అరుగు గోడకు ఆనుకొని కూచున్న మొగుడి నీడ మీద పడకుండా నీళ్ళు చల్లింది. మైల ఇల్లు కాబట్టి ముగ్గు పెట్టలేదు. పంపాపతి పోయి వారమైంది. బళ్ళారిలో ఆ వీధిలో ఎవరు పోయినా పెద్దకర్మ దాకా నీడ ఇంటి దగ్గరే ఉంటుంది. పాలు పోసే కెంచమ్మ కూడా దాన్ని తొక్కకుండా పక్కకు జరిగి నడుస్తుంది.

పలకరింపుకు వచ్చినవాళ్ళు లేచేటప్పుడు నోరు తెరవకూడదు. చావింట "వస్తాను" అన్నారంటే నీడ వాళ్ళ వెంట పోతుంది, ఇక వదలదు. అందుకే ఎంత వాగుడుకాయైనా తల వంచుకొని చెప్పులేసుకుంటాడు.

నారప రోజూ ఆ అరుగు మీదే కూచుంటున్నాడు. చిన్ననాటి నుంచీ పంపాపతికి స్నేహితుడు. ఇద్దరూ మాధవ లారీలకే డ్రైవర్లు, సండూరు గనుల నుంచి రాయి తోలేవాళ్ళు. బ్రేకు పట్టడం లేదని పంపాపతి మొత్తుకుంటే, "ఈ ఒక్క ట్రిప్పు ఏసి రాపో, మల్ల చూద్దాం" అన్నాడు మాధవ. నారప పక్కనే ఉండి విన్నాడు. ఘాటు దిగుతూ లారీ లోయలో పడింది. డ్రైవరు తాగి తోలాడని మాధవ పోలీసులకు చెప్పాడు. పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టనివాడి మీద ఎంత నింద! అప్పటినుంచి నారప మాధవ కోసమే కాచుకొని ఉన్నాడు.

మాధవ వస్తాడని అతనికి తెలుసు. మునిసిపాలిటీ ఎలక్షన్లకు నిలబడబోయేవాడు చావింటికి రాకుండా ఉంటాడా?

వచ్చాడు. వీధి చివర జీపు ఆపి, తెల్లచొక్కాతో, నీడకు ఎడంగా చాప కొసన కూచున్నాడు.

"ఏం చేస్తామప్పా, వాని రాత," అన్నాడు. "నేను వద్దనే అన్యా. వాడే ఇనల్యా."

చాచి కొడదామనిపించింది నారపకు. కానీ చెంపదెబ్బ రేపటికి మానిపోతుంది. నవ్వు తెచ్చుకొని పాతవి తవ్వడం మొదలుపెట్టాడు.

"అన్నా, గ్యాపకముండాదా? నీ తొలి లారీ హొసపేట దావలో బురదలో కూరుకపోతే, వాడు సుమ్నె, ఊరికే చూస్తా నిలబళ్ళా. పంచె ఇప్పి చక్రం కింద ఏసినాడు."

"డ్రాయరుతో ఊర్లోకొచ్చినాడు గదప్పా!" అన్నాడు మాధవ.

"పోలీసాయన నిలబెట్టె. మల్ల ఆయనే తువ్వాల కట్టి పంపె."

మాధవ పగలబడి నవ్వాడు. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి చెప్పాడు నారప. మాటల్లో మెత్తబడ్డాడు గానీ మాధవ గడుసుపిండం. లేచేటప్పుడు పెదవులు బిగించి, నోటికి చేతిగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. మెట్లు కూడా దిగాడు. నారపకు ప్రాణం ఉసూరుమంది.

తలుపు చాటునుంచి పంకజాక్షి అంతా చూస్తోంది. పెద్దకర్మ దాకా ఆ నీడ తనది. తిన్న నాలుగు మెతుకులూ దాని పక్కన కూచునే తింటోంది. ఒకసారి దాని వైపు చూసింది, ఒకసారి మాధవ వీపు వైపు చూసింది. మైలలో ఉన్న ఇల్లాలు వచ్చిన మగవాళ్ళతో మాట్లాడదు. ఆమె గడప దాటి వచ్చింది.

"అన్నా, మాకింక దిక్కెవరుండారు? మల్ల ఎప్పుడొస్తావన్నా?"

"రేపే వస్తానమ్మా," అన్నాడు మాధవ రెండు చేతులూ జోడించి. ఇంటింటా ఓట్లడిగి అలవాటైన నోరు అది.

ఎదురింటివాళ్ళు చల్లగా తలుపేసుకున్నారు. నీడ గోడ మీదనుంచి లేచింది. పంచె దులుపుకొని మాధవ వెనకే నడిచింది.

జీపు డ్రైవరు భీమప్ప అప్పటికే దిగి రోడ్డు మీద నిలబడ్డాడు.

"నా సీట్లో పంపాపతన్న కూచున్యాడన్నా. ఇంక నేను తోలను."

ఆ రోజు మాధవ నడిచి ఇల్లు చేరాడు. ఆటో ఎక్కినా, బస్సెక్కినా డ్రైవరు సీట్లో ఆ నీడే. తోటి ప్రయాణికులు దండం పెట్టి అతణ్ణి దించేసేవాళ్ళు. అన్ని లారీలున్న మనిషి ఓట్లకు కాలినడకన తిరిగి ఓడిపోయాడు. బండ్రిలో మేనకోడలి పెళ్ళికి నడిచి చేరేసరికి పందిరి విప్పుతున్నారు.

పంకజాక్షి మాత్రం నీడ పోయిన రోజు బోసి గోడకు వీపు ఆనించి, బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది.

ఏడాదికి తద్దినం నాడు వచ్చిన నారపను అడిగింది. "ఇంకా నడుస్తాండాడా?"

"నడుస్తాండాడమ్మా. కాళ్ళు పుండ్లయినాయంట."

"నడవనీ. ఎప్పుడో ఒకనాడు అలిసిపోయి బండెక్కుతాడు," అంది పంకజాక్షి, విస్తరి వేస్తూ. "మా ఆయనకేం తొందర ల్యా."