రెండు వందల పదిహేడో నంబరు

బెంగాల్లోని లిలువాలో రైల్వే క్వార్టర్ల పక్కన ఉన్న తెలుగు సంఘం గ్రంథాలయంలో మూడు వందల పన్నెండు నవలలున్నాయి. ఎవరు వచ్చి ఏం చదవమంటావని అడిగినా, గ్రంథాలయం చూసుకునే వెంకటేశు ఒకే మాట చెప్పేవాడు.

"ఇది తీసుకెళ్లండి. పట్టుకుంటే కింద పెట్టలేరు."

అతను వాటిలో ఒక్కటీ చదవలేదు. వాళ్ల ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాడు అతనే. కానీ ఆ చదువంతా బెంగాలీలో, ఇంగ్లీషులో సాగింది. తెలుగు చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఆ సంగతి బయటపడితే తాళంచెవులు లాగేసుకుంటారని అతని భయం.

ఆ ఆదివారం పొద్దున్న బ్యాంకు ఆఫీసరు అనంతకృష్ణ సంఘం తరఫున తనిఖీకి వస్తున్నారు. ఒక్క పుస్తకం తగ్గినా, పన్నెండింటిలోగా సంతకం అందకపోయినా, గది క్యారమ్స్ వాళ్లకు ఇచ్చేయాలని తీర్మానం. క్యారమ్ బోర్డు అప్పటికే గుమ్మంలో నిలబెట్టి ఉంది. అరల్లో మూడు వందల పదకొండే ఉన్నాయి. రెండు వందల పదిహేడో నంబరు లేదు.

పదింటికి అది వచ్చింది, రిటైరైన డ్రైవరు రామనాథం కుడిచేతిలో. వెనకే ఆయన భార్య అప్పలకొండమ్మ.

"ఏటిరా వెంకటేసూ, ఏటి పుస్తకం ఇచ్చినావు మా ముసలాయనకి? వారమై ఎడం సేత్తో అన్నం. తానం సేస్తే కుడిసెయ్యి తలుపు బయట! నీళ్లు నానే పొయ్యాల, పేజీ నానే తిప్పాల!"

"బల్ల మీద పెట్టేయండి బాబాయ్."

"ఎట్టేద్దామనే ఒచ్చాను. సేతి ఏళ్లు ఒగ్గట్లేదు." రామనాథం కళ్లు పేజీ మీదే ఉన్నాయి. "కింద ఎట్టలేరని నువ్వే సెప్పినావు గదా!"

వెంకటేశు పుస్తకాన్ని లాగాడు, అప్పలకొండమ్మ మొగుణ్ణి లాగింది. కొబ్బరినూనె రాస్తే, పేజీ పాడవుతుందని ఆయన కసిరాడు. ఈలోగా బయట స్కూటరు ఆగింది. పుస్తకం అరలో ఉండాలన్నది నియమం. నియమం తప్పడం వెంకటేశుకు చేతకాదు. కింది అరలో చోటు చేసి, రెండు వందల పదహారుకూ పద్దెనిమిదికీ మధ్య రామనాథాన్ని కూర్చోబెట్టాడు.

అనంతకృష్ణ వేలితో లెక్కపెట్టుకుంటూ అక్కడికి వచ్చారు. "ఇదేమిటయ్యా?"

"రెండు వందల పదిహేడు సార్."

"మనిషి ఉన్నాడు."

"పుస్తకం కూడా ఉంది సార్."

ఆయన నియమాల కాగితం తిరగేశారు. అరలో మనిషి ఉండకూడదని ఎక్కడా లేదు. నంబరు సరిచూద్దామని వంగి అట్ట పట్టుకున్నారు. అంతే. "కాస్త జరగండి" అంటూ తానూ అరలోకి దూరారు.

"సార్, సంతకం."

"చేస్తానయ్యా. ఈ నవల్లో పిల్లని తలుపు తీయనీ."

పదకొండున్నరైంది. ఆ పిల్ల ఇంకా తలుపు తీయలేదు. ఆయన చెయ్యీ ఊడిరాలేదు.

"సివర్లో ఏటవుద్దో సెప్పీరా," అంది అప్పలకొండమ్మ. "తెలిసిపోతే ఇద్దరూ ఒగ్గేస్తారు. ఇచ్చినోడివి నువ్వే గదా!"

వెంకటేశు క్యారమ్ బోర్డు వైపు చూశాడు.

"నాకు తెలీదు పిన్నీ. నేను చదవలేదు. నాకు తెలుగు సరిగా చదవడం రాదు."

"నాకసలు రాదు. ఒచ్చినంత సదువు."

అతను అర పక్కన గొంతుక్కూర్చుని, వాళ్లు చూస్తున్న పేజీనే పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఆ... మె. ఆమె. త... లు... పు. తలుపు. గ... డి..."

"కూసింత తొరగా సదువు బాబూ!" అన్నాడు రామనాథం.

"లోపల ఎవరున్నారయ్యా?" అన్నారు అనంతకృష్ణ.

"ఉండండి సార్, వత్తు వచ్చింది."

ఐదు నిమిషాలకు ఆమె గడియ మీద చెయ్యి వేసింది. పది నిమిషాలైనా ఆ చెయ్యి అక్కడే ఉంది. కళ్లు ముందుకు పరిగెడదామంటే వెంకటేశు గొంతు వెనక్కి లాక్కొస్తోంది. చివరికి అనంతకృష్ణ వేళ్లు ఒక్కొక్కటే సడలాయి, చెవులు మూసుకోవడానికి. ఆ చేతిలో వెంకటేశు పెన్ను పెట్టాడు. ఆయన గబగబా సంతకం గీకి, చెప్పులు చేత్తో పట్టుకుని స్కూటరెక్కారు.

రామనాథం పుస్తకం వెంకటేశు ఒళ్లో పడేశాడు. "ఆ తలుపు తీసినాక కబురెట్టు" అంటూ రెండు చేతులూ ఊపుకుంటూ గుమ్మం దాటాడు.

అప్పలకొండమ్మ క్యారమ్ బోర్డును కాలితో పక్కకు నెట్టింది. "గది దక్కింది గదా. ఇంక అరలో ఎట్టీ నాయనా."

"పెడదామనే ఉంది పిన్నీ," అన్నాడు వెంకటేశు పుస్తకంలోంచి తలెత్తకుండా. "చెయ్యి రావట్లేదు."