ముట్టకుండా అడిగిన ప్రశ్న

చంద్రభాగ తల ఎత్తడం మానేసి ఎనిమిది నెలలైంది. దాజీ పేట్‌లో ఆ తెలుగువాళ్ళ సందంతా ఇదే మాట. భర్త సిద్ధరాములు పోయాక పాపం ఆమె మనసు విరిగిపోయిందనీ, చాటలోకి వంగిన తల మళ్ళీ లేవలేదనీ, ఎదురింటి సుందరాబాయి వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ చెప్పేది. అంతకుముందు చంద్రభాగ అలా ఉండేది కాదు. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు వాటి పని అవి చేసుకుంటూ పోతే, కళ్ళు టీవీ సీరియల్ మీదో, సందులో పోయేవాళ్ళ మీదో ఉండేవి. బీడీ చుడుతూనే పోట్లాడేది, చుడుతూనే నవ్వేది. చేతుల వంక ఒక్కసారి చూసుకుంటే ఒట్టు.

కూతురు అశ్విని కూడా సందు అనుకున్నదే అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, రాసి పెట్టింది.

ఆ రాత కాలేజీ కోసం. బి.ఏ. మొదటి ఏడాది, సైకాలజీ. ఆ పేరు వినగానే చుట్టాలు "పిచ్చోళ్ళ చదువా?" అని అడిగేవాళ్ళు. ఆరతి మేడం మొదటి రోజే, ఆ ఊరి భాష మరాఠీలో, ఒక సంగతి చెప్పింది. మనసు గురించి వేదాంతులూ, వైద్యులూ, అత్తగార్లూ వేల ఏళ్ళుగా ఎవరికి తోచింది వాళ్ళు చెబుతూనే ఉన్నారట. నూట నలభై, నూట యాభై ఏళ్ళ కిందట జర్మనీలో ఒకాయన ప్రయోగాల గది తెరిచి, ఇక చెప్పడం ఆపి కొలిచి చూద్దాం అన్నాడట. అప్పటి నుంచి ఇది శాస్త్రమైంది. కొలవడానికి ముందు చూడటం నేర్చుకోవాలి కాబట్టి మొదటి ప్రాక్టికల్ పరిశీలన. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క చూసింది, కుడి పక్క అనుకున్నది రాయాలి.

అశ్విని అమ్మను ఎంచుకుంది. ఎడమ పక్క రాసింది: "తల ఎత్తదు. పిలిస్తే చేతులు ఆపి పలుకుతుంది. ఏడవదు." కుడి పక్క ఒకే ముక్క: "దుఃఖం." మేడం దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "నీకెలా తెలుసు?" అని రాసి పంపింది.

అశ్వినికి కోపం రావలసింది, రాలేదు. బాపు పోయినప్పటి నుంచి ఆమెకు ఏదీ రావడం లేదు. కోపం రాదు, ఆకలి రాదు, ఏడుపు అసలే రాదు. పదో రోజున చుట్టాలంతా గుండెలు బాదుకుంటుంటే, తను గోడకు ఆనుకుని పక్క షెడ్డులో సాంచెల చప్పుడు వింటూ నిలబడింది. బాపు ఇరవై ఏళ్ళు చద్దర్లు నేసింది ఆ సాంచెల మీదే. తను మనిషినేనా అని ఆ రోజు భయం వేసింది. రెండు రోజులకు ఆ భయం కూడా మొద్దుబారింది.

ఇక సుందరాబాయి నోరు ఊరుకునేదా? ఒక రోజు కుళాయి దగ్గర పట్టుకుంది.

"మీ అమ్మకు ఇగ చాతగాదు, అశ్వినీ. మొన్న బీడీలు చూసే చెకరు సగం తీసి పారేసిండంట. కార్డు నీ పేరు మీద చేయించుకో. అందరి పోరిలు చుడ్తలేరా? కాలేజీ కాలేజీ అని ఇంకెన్ని రోజులు?"

కార్డంటే కంపెనీవాళ్ళు ఇచ్చే బీడీ కార్డు. తల్లికి చేతకానినాడు అది కూతురి పేరు మీదికో, కోడలి పేరు మీదికో మారుతుంది. దాంతోపాటే చాట ఒళ్ళోకి వస్తుంది. ఆ సందులో ఆడపిల్లకు ఎనిమిదేళ్ళు నిండకుండానే చేతికి ఆకు అందుతుంది. అశ్వినికి మాత్రం అందనివ్వలేదు చంద్రభాగ. చిన్నప్పుడు చాటలో చెయ్యి పెడితే ఫట్టుమని కొట్టేది. ఇప్పుడు అమ్మ కుదుటపడకపోతే ఈ చదువు ఈ ఏటితో సరి. ఆ సంగతి అశ్వినికి తెలుసు. తెలిసినా గుండెలో దడ పుట్టలేదు.

రెండో ప్రాక్టికల్ స్పర్శ మీద. కంపాస్ పెట్టెలోని డివైడర్ తీసి, రెండు మొనలూ ఒకేసారి చర్మానికి ఆనించి, ఒకటా రెండా అని అడగాలి. మొనలు ఎంత దగ్గరికి వచ్చేదాకా రెండుగా తెలుస్తాయో చూడాలి. వీపు మీదైతే అంగుళం ఎడం ఉన్నా ఒకటే అనిపిస్తుందట. వేలి కొనకు రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. మేడం ఇంకో మాట కూడా చెప్పింది. "మధ్య మధ్య అసలు ముట్టకుండా అడగండి. మనుషులు మంచివాళ్ళు. తమకు తెలిసింది కాక, మీకేం కావాలో అది చెబుతారు."

ఆదివారం మధ్యాహ్నం అశ్విని డివైడర్ పట్టుకుని తల్లి ముందు కూర్చుంది.

"అమ్మా, జర చెయ్యి ఇయ్యి. కాలేజీ పని."

"నా చెయ్యెందుకే? సుందరాబాయిని అడుగు."

"ఆమెదైతే నోరు కూడా కొలవాలె."

చంద్రభాగ మూతి కొంచెం కదిలింది గానీ నవ్వు దాకా రాలేదు. చాట పక్కన పెట్టి, చెంగుతో వేళ్ళు తుడుచుకుని, చెయ్యి చాచింది. అశ్విని బాపు తువ్వాలు తెచ్చి ఆమె కళ్ళకు కట్టింది. మొనలు ఎడంగా పెట్టి చూపుడువేలి కొనకు ఆనించింది.

"ఒకటా, రెండా?"

"ఒకటి."

ఇంకొంచెం ఎడం చేసింది. "రెండు." మళ్ళీ అంతే ఎడంతో పెట్టింది. "ఒకటి." జవాబులు మాత్రం బడిపిల్ల అప్పజెప్పినట్టు టకటకా వస్తున్నాయి. అశ్విని రాసుకుంటూ పోయింది. తర్వాత, పద్ధతి ప్రకారం, డివైడర్‌ను గాలిలోనే ఆపి అడిగింది.

"ఇప్పుడు?"

"రెండు."

అశ్విని చేతిలో పెన్ను ఆగింది. మళ్ళీ ముట్టకుండానే అడిగింది.

"ఇప్పుడు?"

"ఒకటి." చంద్రభాగ తువ్వాలు కింది ముఖాన్ని కూతురి వైపు ఎత్తింది. "బరోబర్ చెప్తున్ననా బిడ్డా? మార్కులు పడ్తయా?"

"అమ్మా, నేను ముట్టలే."

చంద్రభాగ తువ్వాలు తీసింది. కళ్ళు తెరుస్తూనే ముందు తన చేతుల వంక చూసుకుంది. ఎనిమిది నెలలుగా ఆ చూపును చూస్తున్నా, అది ఎటు పోతోందో అశ్విని కనిపెట్టడం అదే మొదటిసారి.

"ఎప్పటిసంది?"

"మీ బాపు ఉన్నప్పటిసందే. ముందుగాల తిమ్మిరి ఉండె. తర్వాత అదీ లేదు. చూడకుంటే చేతిల ఆకు ఉన్నదో లేదో తెలుస్తలేదు. అందుకే చూసుకుంట చుడుతున్న."

"మరి బాపు పోయినంక ఒక్కసారన్న ఏడవలేదేంది?"

"ఏడిస్తే కండ్లల్ల నీళ్ళొస్తయి. కండ్లు మసకైతే వేళ్ళు కనవడయి. ఇగ బీడీ ఎట్ల చుట్టాలె?" చంద్రభాగ తువ్వాలును మడత పెట్టింది. "తర్వాత ఏడుద్దాం అనుకున్న. గదట్లనే ఉండిపోయింది."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే కార్డు నీ మెడకు పడ్తది."

అశ్విని నోట్‌బుక్ మూసేసింది. పేజీకి కుడి పక్క రాసిన ఆ ఒక్క ముక్క తప్పని ఎలా చెప్పాలో, ఒప్పని ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

"రేపు దవాఖానకు పోదాం."

"పోదాం. కానీ కార్డు నీ పేరు మీదికి రాదు. డాక్టర్ చెప్పినా, సుందరాబాయి చెప్పినా, ఆ సిద్ధేశ్వరుడు దిగొచ్చి చెప్పినా." అని, చంద్రభాగ డివైడర్ అందుకుంది. అది చేతిలోకి వచ్చిందో లేదో చూసుకుని మరీ పట్టుకుంది. "నీ చెయ్యి తే. కండ్లు మూసుకో."

అశ్విని కళ్ళు మూసుకుంది.

"ఎన్ని?"

"రెండు."

మొనలు దగ్గరైనట్టున్నాయి. "ఇప్పుడు?"

"రెండే."

కొంచెం సేపు ఏమీ తగల్లేదు. "ఇప్పుడు?"

"ముట్టలే, అమ్మా."

"ఆఁ. మంచిగున్నయి నీ వేళ్ళు," అంది చంద్రభాగ. "గట్లనే ఉండనీ."

అశ్వినికి ఏడుపు వచ్చేసింది, ఎనిమిది నెలలు ఎక్కడ దాగిందో, ఒక్కసారిగా. కళ్ళు తెరిచేసరికి తన చెయ్యి ఇంకా అమ్మ చేతుల్లోనే ఉంది. తన కన్నీళ్ళు అమ్మ వేళ్ళ మీద పడుతున్నాయి. అమ్మకు తెలియడం లేదు. తర్వాత అమ్మ వంగి చూసుకుంది. చెంగుతో ముందు కూతురి ముఖం తుడిచి, ఆ తర్వాత తన వేళ్ళు తుడుచుకుంది.